అంచులు పట్టుకునే మనిషి

మా సారు ఏ వస్తువునైనా అంచులతోనే పట్టుకునేవారు. పుస్తకమైనా, ఫొటో అయినా, చివరికి చిక్కడపల్లి బండి మీద పొగలు కక్కుతూ ఇచ్చే దోసె ప్లేటైనా సరే, బొటనవేలూ చూపుడువేలూ అంచున ఆనించేవారు తప్ప మధ్యలోకి చెయ్యి పోనిచ్చేవారు కాదు. చాయ్ గ్లాసు కూడా పైఅంచు పట్టుకునే తాగేవారు. కాలదా సార్ అని అడిగితే, "కాల్తది, అయితేంది? గ్లాసు మీద నా జిడ్డు పడదు గద" అనేవారు. గ్లాసు మీద జిడ్డు పడితే ఎవడి సొమ్మేం పోతుందో నాకు అంతుపట్టేది కాదు. పెద్దాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున యాదయ్య ఫోన్ చేశాడు. అశోక్‌నగర్ హాస్టల్లో మూడేళ్లు నా పక్క మంచం వాడు, ఇప్పుడు నాలాగే గవర్నమెంటు ఉద్యోగి.

"అన్నా, సారు పోయిండు. నిద్రలనే పోయిండంట."

"అయ్యో" అన్నాను. ఆ ఒక్క ముక్క అని ఫోన్ పెట్టేసి ఆఫీసుకు పోయాను. ఫైళ్లు చూశాను, సంతకాలు చేయించాను, మధ్యాహ్నం అందరితో కూర్చుని నవ్వాను కూడా. లోపల ఏమీ కదల్లేదు. ఇంత రాయినెప్పుడయ్యానురా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు టిఫిన్ డబ్బా వేడి చేసుకుందామని ఆఫీసు మైక్రోవేవ్ ఓవెన్ ముందు నిలబడ్డాను. వెనక నిలబడ్డ మా సెక్షన్ మేడం భయపెడుతోంది. "దీంట్ల పెట్టి తింటే రేడియేషన్ కడుపులకు పోతదంట. మీకు పట్టింపే లేదా?"

"ఏం పోదు మేడం. ఇది నీళ్లను తిప్పుతది, గంతే. తెంపేది కాదు" అన్నాను.

అంటూ చూసుకుందును గదా, నా కుడి మణికట్టు దానంతటదే అటూ ఇటూ తిరుగుతోంది. తాళంచెవి పెట్టి తిప్పుతున్నట్టు, ఆగకుండా. ఆ తిప్పడం నాది కాదు. సారుది. డబ్బా ఓవెన్లోనే వదిలేసి వెనక మెట్ల దగ్గరికి పోయి, గోడకు తల ఆనించి ఏడ్చాను.

సారు ప్రొఫెసరు కారు. కోచింగ్ సెంటర్ల గోడల మీద ఆయన ఫొటో ఎప్పుడూ పడలేదు. ఒక ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు ఇన్‌ఫ్రారెడ్ యంత్రం నడిపిన టెక్నీషియన్. పెద్దపెద్ద సైంటిస్టులు పొడి పొట్లాలు పంపేవారట. ఈయన ఆ పొడిని ఉప్పులాంటి పదార్థంలో కలిపి, బిళ్లగా నొక్కి, యంత్రంలో పెడితే గ్రాఫు వచ్చేది. ఆ గ్రాఫులో లోయలు చూసి అణువులో ఏ బంధం ఎక్కడుందో చెప్పేవారు. "కింద సంతకం వాళ్లది, లోయలు నావి" అని నవ్వేవారు. రిటైరైన తర్వాత నారాయణగూడ నుంచి రోజూ నల్లగొడుగు వేసుకుని నడిచొచ్చి, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, నీడ పడే మూల చూసుకుని కూర్చునేవారు. గ్రూప్స్‌కు చదివే మా బోటి వాళ్లు సైన్సులో ఎక్కడన్నా తడబడితే ఆ మూలకు పోయేవాళ్లం. ఫీజు లేదు. చాయ్ కూడా ఆయనే తెప్పించేవారు.

ఆయన పాఠమంతా ఒంటితోనే. మైక్రోవేవ్ అంటే మణికట్టు తిప్పేవారు. ఇన్‌ఫ్రారెడ్ అంటే రెండు పిడికిళ్లు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో స్ప్రింగు ఉన్నట్టు దగ్గరికీ దూరానికీ ఊపేవారు. కంటికి కనిపించే వెలుగు, దానిపైన అల్ట్రావయొలెట్ అంటే చూపుడువేలు టక్కున పైకి ఎగరేసేవారు. ఎక్స్‌రే దగ్గరికొచ్చేసరికి చొక్కా జేబులోంచి చీపురుపుల్ల తీసి పుటుక్కున విరిచేవారు. జేబులో ఆ పుల్లలు ఎప్పుడూ ఉండేవి. ఇంట్లో చీపురు సన్నబడిపోతోందని వాళ్లావిడ గొడవ పెట్టుకుంటుందని ఆయనే చెప్పారు.

"తిప్పుడు, ఊపుడు, ఎగరేసుడు, తెంపుడు. నాలుగే పనులు బిడ్డా. అణువు అదే, మీద వడే కిరణం మారితే దాని గతి మారుతది."

పొద్దున్నుంచీ సీటు కోసం కొట్లాడి, బిట్ బ్యాంకులు బట్టీపట్టి, బుర్ర గడ్డకట్టిన వాళ్లకు ఆ పుల్ల విరిగిన చప్పుడు భలే ఎక్కేది.

మేం రాసిన నమూనా పరీక్షలకు ఆయన మార్కులు వేసేవారు కాదు. పక్కన గుర్తులు గీసేవారు. ఏమీ తెలియక తిరుగుతున్నవాడికి గుండ్రటి బాణం. కొంచెం కదలిక వచ్చినవాడికి వంకర గీత. ఎక్కివచ్చినవాడికి నిలువుగా పై బాణం. నా కాగితాల నిండా గుండ్రాలే. "నువ్వింక మైక్రోవేవ్ కాడనే ఉన్నవ్‌రా" అని ఏడిపించేవారు.

ఉద్యోగం వచ్చినవాడు మిఠాయి డబ్బా పట్టుకొస్తే డబ్బా మిగతావాళ్లకు పంచమని, వాడిని మాత్రం మెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఒక గంటసేపు కొత్తవాళ్ల సందేహాలు వాడే తీర్చాలి. అది అయ్యాకే వాడి పేరు పక్కన పై బాణానికి జతగా కిందికి దిగే బాణం ఒకటి గీసేవారు. ఎందుకు సార్ అంటే రీడింగ్ హాల్లో ట్యూబులైటు చూపించేవారు.

"దాంట్ల లోపల పుట్టేది కంటికి కానరాని అల్ట్రావయొలెట్. గొట్టానికి పూసిన తెల్ల పొడి దాన్ని మింగి ఎగురుతది. ఎగిరి ఆడనే ఉండదు, దిగుతది. దిగేటప్పుడు ఇచ్చేదే మనం చదువుకుంటున్న ఈ వెలుగు. ఎగిరి దిగకపోతే చీకట్ల కూసుందుము."

ఇంకొకటి ఉంది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. ఒకసారి హాల్లో ఇద్దరు సీటు కోసం కొట్లాటకు దిగారు. ఒకడు చేతిరుమాలు వేసి పోయాడు, ఇంకొకడు దాన్ని తీసిపారేసి కూర్చున్నాడు. కాలర్లు పట్టుకున్నారు. వాచ్‌మన్ అరిచాడు, మేమంతా అరిచాం, వాళ్లకు చెవులే లేవు. సారు మెల్లగా వెళ్లి, రుమాలు వేసినవాడి పక్కన నిలబడి, "మీ చెల్లె పెండ్లి ఖాయమైందంటివి గద, పిల్లగాడు ఏం చేస్తడు?" అని అడిగారు. వాడు ఆయన వైపు తిరిగి కాలర్ వదిలేశాడు. కళ్లనిండా నీళ్లు. ఉద్యోగం రాకుండా ఆ పెళ్లికి పోవడానికి మొహం చెల్లక వారం రోజులుగా నలిగిపోతున్నాడని ఆ తర్వాత తెలిసింది.

"గుమ్మరిస్తే కదలదు బిడ్డా" అన్నారు సారు మళ్లీ మెట్ల మీదికొచ్చి. "ఎలక్ట్రాన్ ఎగరాలంటే ఎర్రలైటు బండెడు తెచ్చి పోసినా లాభం లేదు. దానికి సరిపోయే కిరణం ఒక్క చుక్క చాలు. అరుస్తే ఏమైతది?"

సోమవారం యాదయ్య చావుకబురు చెప్తే కదలని నేను, మంగళవారం మణికట్టు తిరిగితే ఎందుకు కూలిపోయానో ఆ మాట గుర్తొచ్చాకే తెలిసింది.

ఇక ఆ పరీక్ష సంగతి. చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే.

అది నాకు నాలుగో ప్రయత్నం. మాది అచ్చంపేట దిక్కు. మా నాయిన బర్కత్‌పురలో కట్టే అపార్ట్‌మెంట్లలో కూలిపని చేసేవాడు. అమ్మా ఆయనా ఆ సైటులోనే రేకుల గదిలో ఉండేవాళ్లు. "ఈ ఒక్కపాలి చూస్తరా. కాకుంటే నాతోని పనిలకు రా. నా మోకాళ్లు ఇగ మెట్లెక్కుతలేవు" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. మైక్రోవేవ్ ఓవెన్లో ఆహారం వేడెక్కడానికి కారణం ఏమిటి? మొదటి జవాబు, నీటి అణువులు అటూ ఇటూ తిరగడం. రెండోది, అణువుల్లో బంధాలు ఊగడం. మూడోది ఎలక్ట్రాన్లు ఎగరడం, నాలుగోది అణువులు తెగిపోవడం. సారు చెప్పిన నాలుగు పనులూ వరసగా నా ముందు కూర్చున్నాయి. లైబ్రరీ మెట్ల మీద వెయ్యిసార్లు చూసిన మణికట్టు. అయినా 'వేడి' అన్న మాట కనబడగానే బుర్ర ఇన్‌ఫ్రారెడ్ మీదికి పోయింది, చెయ్యి జవాబు కాగితం మీద రెండో గుండ్రం దిద్దేసింది. బయటికొచ్చాక నెత్తి కొట్టుకున్నాను. సాయంత్రం సారుకు మాత్రం చెప్పాను. ఆయన నవ్వి, "నా పరువు తీస్తివి గదరా" అని నా ప్రశ్నపత్రం మీద గుండ్రటి బాణం ఒకటి గీశారు.

వారానికి ప్రాథమిక కీ వచ్చింది. చూస్తే ఆ ప్రశ్నకు జవాబు రెండు అని ఉంది. కీ తయారుచేసినవాడెవడో నాలాగే పొరబడ్డాడు. నేను హాస్టల్ మేడ మీద ఎగిరి గంతేశాను. ఆ మార్కుతో కలిపి లెక్కేస్తే నేను ఒడ్డున పడతాను, అది లేకపోతే మునుగుతాను. అంత సన్నని చోట ఉన్నాను.

యాదయ్యది సరిగ్గా తిరగబడ్డ పరిస్థితి. వాడు ఒకటి పెట్టాడు. కీ మారితేనే వాడు ఒడ్డున పడేది. "సారు శిష్యులం, ఇద్దరిదీ కరెక్టే పోయింది చూడన్నా" అన్నాడు. నేను కూడా ఒకటే పెట్టాననుకున్నాడు పిచ్చోడు. కాదని నేను చెప్పలేదు.

కీ మీద అభ్యంతరాలు పెట్టుకోవడానికి మూడు రోజులు గడువిస్తారు. పుస్తకంలో పేజీ చూపించి, కారణం ఇంగ్లిషులో రాసి ఆన్‌లైన్లో పంపాలి. ఆ రాయడంలో అశోక్‌నగర్లో నాకు పేరుండేది. పక్క హాస్టళ్ల వాళ్లు కూడా పేజీలు పట్టుకొచ్చి నాతోనే రాయించుకునేవాళ్లు. నేను రాస్తే కీ మారుతుందని ఒక నమ్మకం. సారు దగ్గరికి యాదయ్య పోయి పాత పుస్తకంలో పేజీ జిరాక్స్ తీయించుకుని నా చేతిలో పెట్టాడు. "నువ్వు రాస్తే పక్కా మారుతదన్నా."

మొదటి రోజు తలనొప్పి అన్నాను. రెండో రోజు సైటు ఓపెనైతలేదన్నాను. మూడో రోజు మధ్యాహ్నం అశోక్‌నగర్ నెట్ సెంటర్లో కూర్చుని, ఓపెనైన సైటు ముందు గోళ్లు కొరుక్కుంటున్నాను. బయట ఎండ మండిపోతోంది. గొడుగు మడుస్తూ సారు లోపలికొచ్చారు. వెనక యాదయ్య. ఆయన వాడిని చాయ్ తెమ్మని పంపించి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"రాసినవా?"

అప్పటికి నేనొక తెలివైన పని చేసి ఉన్నాను. తెల్లకాగితం మీద చిత్తు రాశాను. 'మొదటి జవాబు కూడా సరైనదే కాబట్టి ఒకటి, రెండు రెండింటికీ మార్కు ఇవ్వగలరు' అని. అట్లా చాలాసార్లు ఇస్తారు. యాదయ్యకూ వస్తుంది, నాకూ పోదు. ఎవడికీ అన్యాయం లేదు. ఆ తెలివికి నాకు నేనే భుజం తట్టుకున్నాను. కాగితం సారు చేతికిచ్చాను.

ఆయన అంచులు పట్టుకుని రెండుసార్లు చదివారు.

"బిడ్డా, ఓవెన్ల నీళ్లు ఏం జేస్తయి?"

"తిరుగుతయి సార్."

"ఆ కిరణానికి బంధాలు ఊపే తాకతున్నదా?"

"లేదు సార్. గానీ రెండు రాసినోళ్లు గూడ మస్తు మంది ఉన్నరు..."

ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"మా యంత్రంల బిళ్ల పెట్టేటప్పుడు వేలు తగిలిందనుకో, ఆ వేలి జిడ్డు గూడ గ్రాఫుల లోయై దిగుతది. చూసెటోడు అది పొడిల ఉన్న గుణమే అనుకుంటడు. ముప్పై ఏండ్లు నేను ఆ ఒక్కదానికే భయపడ్డ. దీంట్ల నీ చేతి జిడ్డున్నదిరా. తుడిచి మల్ల రాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏమన్నానో మాటమాటా గుర్తుంది.

"మీకేం సార్! మీకు పింఛన్ ఉన్నది, గొడుగున్నది, పొద్దువోకుంటే మెట్ల మీద కూసుంటరు. మా నాయిన ఆ మోకాళ్లతోని మూడో అంతస్తుకు ఇటుకలు మోస్తుండు. ఈ మార్కు పోతే నా బతుకే పోతది. మీ నీళ్లు తిరిగితేంది, ఊగితేంది?"

నెట్ సెంటర్లో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. సారు మొహం చిన్నబోయింది. ఆయన కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా కూర్చున్నారు. ఏ సందేహం అడిగినా జవాబు చెప్పేముందు ఆయన అట్లాగే చేసేవారు. యంత్రంలో అసలు సరుకు పెట్టేముందు ఖాళీగా ఒకసారి గీయించాలట, లోపలి గాలిలో ఏముందో తెలియడానికి. తర్వాత కళ్లు తెరిచారు. ఈసారైనా అరుస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను.

"నువ్వు రాసినా రాయకున్నా నీళ్లయితే తిరుగుతనే ఉంటయి బిడ్డా" అన్నారు నెమ్మదిగా. "వాటి కోసమైతే ఇంత ఎండల నేను రాకపోదును."

ఆయన చేతిలోంచి చిత్తు తీసుకున్నాను. కాగితం చింపేసి మళ్లీ రాశాను. బహుశా నేను రాసిన వాటన్నింటిలో అదే మంచి అభ్యంతరం. ఒక్క వాక్యం అటూ ఇటూ పోలేదు. యాదయ్య చాయ్ తెచ్చేసరికి పంపడం అయిపోయింది. సారు గ్లాసు పైఅంచు పట్టుకుని తాగి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

తుది కీలో జవాబు ఒకటి అని వచ్చింది. యాదయ్యకు ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు.

నేను హాస్టల్ ఖాళీ చేసి బర్కత్‌పుర సైటుకు పోయాను. ఏడాది పాటు పగలు సిమెంటు కలిపి, సాయంత్రాలు ఆ రేకుల గదిలో చదివాను. ఇటుకలు మోసిన ప్రతిసారీ సారును తిట్టుకున్నాను, అబద్ధమెందుకు. ఆ తర్వాతి పరీక్షలో నాకూ ఉద్యోగం వచ్చింది. ఆఫీసు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరే. అక్కడి నుంచి చిక్కడపల్లి లైబ్రరీ ఆటోలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల దూరం నేను మూడేళ్లు పోలేదు. మొదట కోపంతో పోలేదు. కోపం పోయాక ఆయనను అన్న మాటలకు సిగ్గేసి పోలేదు. ఈ ఆదివారం పోదాం, వచ్చే ఆదివారం పోదాం అనుకుంటూనే ఉన్నాను.

సారు పోయిన పదో రోజు నేనూ యాదయ్యా కలిసి నారాయణగూడలో ఆ ఇంటికి పోయాం. సందు మొదట్లో ఆటో దిగాక వాడిని ఆపాను.

"యాదయ్యా, ఆ పరీక్షల నేను రెండు పెట్టిన్రా."

"నాకెరుకే అన్నా" అన్నాడు వాడు, చెప్పులోంచి రాయి దులుపుకుంటూ. "రిజల్ట్ వచ్చిననాడే సారునడిగిన, అన్నకెట్ల పోయిందని. సారేం చెప్పలే. చెప్పకపోయేసరికే సమజైంది. నీకు ఫోన్ చేసి ఏం మాట్లాడాల్నో తెలువక మస్తు రోజులు పరేషానైన."

ఇద్దరం సందులోకి నడిచాం. ఇంట్లో సారు వాళ్లావిడ ఒక్కరే ముందుగదిలో కూర్చుని ఉన్నారు. యాదయ్య నన్ను చూపించి, "అమ్మా, గీ అన్ననే" అన్నాడు. ఆమె నన్ను తేరిపార చూశారు.

"నువ్వేనా బిడ్డా? మీ సారు ఎప్పుడూ అంటుండె. వస్తడు, జర గుస్స తగ్గాలె వానికి అని."

ఆమె లేచి లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి మా ముందు పెట్టారు. "అన్నీ మీ పిల్లల కాగితాలే. నేనేం చేసుకుంట? తీసుకపోండ్రి."

దారం కట్టిన కట్టలు. నమూనా పరీక్షలు, ఫలితాల జాబితాల ప్రింట్లు. ఎక్కడా మరక లేదు, మడత లేదు. యాదయ్య వెతికి ఒక కాగితం బయటికి తీసి నాకిచ్చాడు. నాకు ఉద్యోగం వచ్చిన పరీక్ష ఫలితాల జాబితా అది. "నీ హాల్‌టికెట్ నంబరు నన్నడిగి రాసుకున్నడు. నెట్ సెంటర్‌కు ఆయనే పోయి తీయించుకొచ్చిండు."

వరసగా అంకెలు. మధ్యలో నా నంబరు కింద సన్నగా పెన్సిలు గీత. దాని పక్కన నిలువుగా పై బాణం. నాకు ఆయన గీసిన మొట్టమొదటి పై బాణం. దాని పక్కన కొంచెం జాగా వదిలేసి ఉంది. కిందికి దిగే బాణం లేదు. మెట్ల మీద ఆ గంట నేనింకా కూర్చోలేదు.

నేనా కాగితాన్ని అంచులు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. యాదయ్య తన జేబులోంచి పెన్ను తీసి నా వైపు చాపాడు. తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.